మంచు మీద నాలుగు స్తంభాలాట

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం వంటల గురించీ, మిగతా సగం విదేశాల్లో వున్న కూతుళ్ళ, కోడళ్ళ సంసారాల గురించీ వుంటాయి. ఈసారి వచ్చినవాటిలో విజయవాడ సోదరి రాసిన ఉత్తరానికి మాత్రం వెంటనే జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆవిడ అడిగింది సలహా కాదు, ఇచ్చి వచ్చిన సలహా మంచిదేనా అని!

సంగతేమిటంటే, ఆవిడ కూతురి పురిటికి ఎడ్మంటన్ వెళ్ళి ఆరునెలలు వుండి వచ్చారు. పెద్ద మనవడికి ఏడేళ్ళు. ఐస్ హాకీ నేర్చుకుంటున్నాడు. తెల్లవారుజామున లేపి, గంగాళమంత సంచీలో సామాను సర్దుకుని, చలిలో పడి రింకుకి తీసుకెళ్తే అక్కడ కోచ్ చేయిస్తున్నదేమిటయ్యా అంటే దొంగాట! పిల్లలంతా అరుపులు, నవ్వులు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు పరుగులు. "అంత డబ్బు పోసి నేర్పించేది దొంగాటా అండీ? మంచుకి అటు చివర ఇంకో జట్టు పిల్లలు బారులు తీరి, ఒకడి తర్వాత ఒకడు ఎంత బుద్ధిగా నేర్చుకుంటున్నారో! వచ్చే ఏడు వాణ్ణి ఆ కోచ్ దగ్గర వేయమని అమ్మాయికి గట్టిగా చెప్పి వచ్చాను. మీరేమంటారు?" అని రాశారు.

నేను మార్చవద్దనే అంటాను. వీలైతే ఈ సంచిక చేతికి అందిన రోజునే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పండి. ఎందుకో వివరంగా రాస్తాను. ఇలాంటి అమ్మమ్మలూ, నాయనమ్మలూ మీలో ఇంకా చాలామంది వుండి వుంటారు. పిల్లలు వాట్సాప్‌లో పంపిన వీడియో చూసి "ఇదేం చదువు, ఇదేం ఆట" అనుకుంటూ వుండి వుంటారు.

ముందు నా సంగతి ఒక్క ముక్క. మేముండేది మిసిసాగాలో. మా చిన్నది, ఎనిమిదేళ్ళది, ఈ ఆట ఆడుతోంది. నాకు స్కేట్లు తొడుక్కుని మంచు మీద నిలబడటం కూడా రాదు. కానీ నాలుగు చలికాలాలుగా అద్దానికి ఇవతల ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చుని చూస్తున్నాను. బారులు తీర్చే కోచ్‌నీ చూశాను, ఆటలాడించే కోచ్‌నీ చూశాను. పిల్ల ఏ రోజు ఏ ముఖంతో కారెక్కేదో కూడా చూశాను. వంట తెలిసినవాళ్ళం కదా, గిన్నె మూత తీయకుండానే అన్నం ఉడికిందో లేదో మనకి తెలుస్తుంది!

మన దగ్గర హాకీ అంటే పచ్చిక మీద బంతితో ఆడేది. ఇక్కడ మంచు గడ్డకట్టించిన నేల మీద, కాళ్ళకి బ్లేడున్న బూట్లు తొడుక్కుని ఆడతారు. పెద్దవాళ్ళు ఆడే రింకు ఇక్కడ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు వుంటుంది. బంతి బదులు పక్ అని నల్లటి రబ్బరు బిళ్ళ. అడ్డంగా కొలిస్తే మూడంగుళాలు, మందం ఒక అంగుళం, బరువు 170 గ్రాములు. చంటిపిల్లలకైతే తేలికగా వుండే నీలం రంగు బిళ్ళ ఇస్తారు. ఆ జారుడు నేల మీద నిలబడాలి, కదలాలి, ఆగాలి, చేతిలో కర్రతో బిళ్ళని లాక్కెళ్ళాలి, తల పైకెత్తి ఎవరెక్కడున్నారో చూడాలి. ఇవన్నీ ఒకేసారి! ఏడేళ్ళవాడికి ఇది సైకిల్ తొక్కుతూ ముగ్గు వేసినంత పని.

ఇప్పుడు ఆ బారు సంగతి లెక్క వేద్దాం. పాలవాడి లెక్కంత తేలిక లెక్కే. పదిహేనుమంది పిల్లలు ఒకే వరసలో నిలబడ్డారనుకోండి. ఒక్కొక్కడు ఎర్ర కోన్‌ల మధ్య నుంచి వంకరటింకరగా బిళ్ళని తీసుకెళ్ళి గోల్‌లోకి కొట్టాలి. దానికి ఇరవై సెకన్లు పడుతుంది. పదిహేనుమందికి ఇరవై చొప్పున 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలకోసారి మన పిల్లాడి వంతు వస్తుంది. యాభై నిమిషాల ప్రాక్టీసులో పది వంతులు. మొత్తం కలిపితే మూడు నిమిషాల ఇరవై సెకన్లు! మిగిలిన నలభై ఆరు నిమిషాల పైచిలుకు వాడు చేసిందల్లా చలిలో నిలబడి ముందువాడి వీపు చూడటం. రెండు వరసలు కడితే రెట్టింపవుతుంది, కాదనను. అయినా ఏడు నిమిషాలు దాటదు. బయటినుంచి చూసేవాళ్ళకి బుద్ధిగా వున్నట్టే కనిపిస్తుంది. మన పిల్లలు బుద్ధిగా నిలబడటం నేర్చుకోవడానికి ఇంత దూరం, ఇంత చలిలో, ఇంత డబ్బు పెట్టి రావాలా చెప్పండి?

అక్కడితో అయిపోలేదు. కోన్ కదలదు. అడ్డం రాదు, బిళ్ళ లాక్కోదు. కోన్‌ల మధ్య తల వంచుకుని ఎంతసేపు తిప్పినా, మ్యాచ్‌లో ఎదురుగా మనిషి వచ్చేసరికి పిల్లాడికి ఏం చేయాలో తోచదు. అటు తప్పించాలా, ఇటు తప్పించాలా, పక్కవాడికి ఇవ్వాలా అని క్షణంలో తేల్చుకోవడం ఈ ఆటలో సగం విద్య. అది మనిషి ఎదురైతేనే వస్తుంది. ఆడపిల్లకి చపాతీ ఒత్తడం ఎలా నేర్పుతాం? పక్కన నిలబెట్టి చూడమనం. చిన్న పిండి ముద్ద ఇచ్చి "నువ్వూ ఒత్తు" అంటాం. ఆస్ట్రేలియా మ్యాపులా వస్తుంది, పరవాలేదు. పదోది గుండ్రంగా వస్తుంది. (మగపిల్లలకీ ఇవ్వండి పిండి ముద్ద. అది వేరే వారం రాస్తాను.)

దొంగాట అన్నారు కదా, ఆ ఆటలో ఏముందో చూడండి. స్కేటు బ్లేడుకి కింద రెండు అంచులుంటాయి, లోపలి అంచు, బయటి అంచు. తిరగడమూ ఆగడమూ అన్నీ ఆ అంచుల మీదే. "అంచు మీద వాలు, మోకాలు వంచు" అని కోచ్ వందసార్లు చెప్పినా పిల్లాడు భయపడి కట్టెలా నిలబడతాడు. అదే వెనకనుంచి దొంగ తరుముకొస్తుంటే? మోకాలు దానంతటదే వంగుతుంది! గబుక్కున పక్కకి తిరుగుతాడు, రెండు కాళ్ళూ అడ్డంగా తిప్పి ఆగుతాడు, కొబ్బరికోరులా మంచు పైకి లేస్తుంది. దొంగ ఎటునుంచి వస్తున్నాడో చూడాలి కాబట్టి తల ఎత్తే వుంచుతాడు. మన చిన్నప్పుడు కుందుడుగుమ్మ ఆడినప్పుడు ఒంటికాలి మీద నిలకడ ఎవరు నేర్పారు మనకి?

అలాగని ప్రతి ఆటా మంచిది కాదు. కొంతమంది కోచ్‌లు చివరి పది నిమిషాలూ ఏదో ఒక ఆట పడేసి కబుర్లు చెప్పుకుంటూ నిలబడతారు. అది మిఠాయి పొట్లం లాంటిది, పిల్లలు సంతోషిస్తారు, వంటబట్టేది తక్కువ. మా చిన్నదానికి ఇప్పుడు నేర్పుతున్న కోచ్, తనూ ఒక తండ్రే, జీతం లేకుండా నేర్పుతాడు, ఒక మాట చెప్పాడు నాకు. ఆట కట్టేముందు ఆయన ఒకటే ఆలోచిస్తాడట: ఈ ఆటలో గెలవాలంటే పిల్లాడు ఏం చేయక తప్పదు? నేను నేర్పదలచుకున్నది చేయకుండా గెలవడం కుదిరిందంటే ఆ ఆట పనికిరాదు, నియమం మార్చాలి.

ఇది విన్నాక నాకు ప్రాక్టీసు చూసే కన్నే మారిపోయింది. ఉదాహరణకి, పిల్లలకి ఆగడం నేర్పాలి. ఉత్తినే "ఆగండి" అంటే ఆగరు. అందుకని నాలుగు మూలల్లో నాలుగు గూళ్ళు, అంటే నేల మీద పెద్ద రింగులు పెడతాడు. మధ్యలో బిళ్ళలన్నీ కుప్ప పోస్తాడు. నాలుగు జట్లు. ఒక్కొక్కళ్ళూ వెళ్ళి ఒక్క బిళ్ళే తేవాలి, గూట్లో ఆపి పెట్టాలి, విసరకూడదు. మధ్యలో కుప్ప అయిపోయాక పక్కవాళ్ళ గూట్లోంచి కూడా దొంగిలించవచ్చు! రెండు నిమిషాలయ్యాక ఎవరి గూట్లో ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. ఈ రెండు నిమిషాల్లో ఒక్కో పిల్ల ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు మళ్ళీ దూకుడుగా బయలుదేరిందో లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. "విసరకూడదు" అన్న ఒక్క నియమం తీసేశారనుకోండి, దూరంనుంచి గిరాటేసి ఊరుకుంటారు, ఆగడం అనే విద్య ఆవిరైపోతుంది. ఉప్పు వేయని పప్పే అది.

ఒకళ్ళకొకళ్ళు బిళ్ళ అందించడం నేర్పాలంటే మూడు ముగ్గురు ఆట. మంచుని అడ్డంగా వాడి, చిన్న గోల్ పోస్టులు పెట్టి, అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. జట్టులో ముగ్గురూ బిళ్ళ ముట్టుకున్నాకే గోల్ కొట్టాలి, లేకపోతే లెక్కలోకి రాదు. అంతే. చూడండిక, ఎప్పుడూ బిళ్ళ వదలని మొండి పిల్లాడు కూడా "తీసుకో, తీసుకో" అని అరుస్తాడు. బిళ్ళ బయటికి పోతే వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు, కోచ్ జేబులోంచి ఇంకోటి పడేస్తాడు. ఆట ఆగదు.

బిళ్ళని కాపాడుకోవడం నేర్పాలంటే మంచు మీద గీసివున్న పెద్ద వలయంలో (30 అడుగుల వలయం లెండి) ఆరేడుగురిని నింపుతాడు. అందరి దగ్గరా తలా ఒక బిళ్ళ. తన బిళ్ళ పోగొట్టుకోకుండా ఎదుటివాడి బిళ్ళని వలయం బయటికి తోయాలి. బిళ్ళకీ శత్రువుకీ మధ్య తన ఒళ్ళు అడ్డం పెట్టాలని ఏ పిల్లాడికీ వేరే చెప్పక్కర్లేదు. మామిడిపండు దాచుకునే పిల్లాడు వీపు తిప్పుతాడే, అలాగే.

ఈ ఆటలోనే ఒక లోపం కూడా వుంది. బిళ్ళ పోయినవాడు "ఔట్" అని పక్కకి పోవడం. సొరచేపలు-చిన్నచేపలు అని ఇంకో ఆట వుంది, ఇక్కడ ప్రతి రింకులోనూ ఆడిస్తారు. మన ఉప్పాటలాగే ఒక వైపునుంచి ఇంకో వైపుకి దాటుకుపోవాలి, మధ్యలో సొరచేపలు అడ్డుకుని బిళ్ళ లాక్కుంటాయి. బిళ్ళ పోయిన చేప గట్టున కూర్చుంటుంది. నాకైతే ఈ కూర్చోబెట్టడం పరమ చిరాకు. లేడీస్ క్లబ్బులో కుర్చీలాట గుర్తు తెచ్చుకోండి. అందరికంటే ముందు ఔటయ్యేది ఎవరు? అసలు పరుగు రానివాళ్ళు. అంటే ఎవరికి ఎక్కువ సాధన కావాలో వాళ్ళే ఎక్కువసేపు కూర్చుంటారు, బాగా వచ్చినవాడు ఇంకా బాగా ఆడతాడు! మా చిన్నది మొదటి ఏడు ఎప్పుడూ గట్టున కూర్చునేది. కాళ్ళు ఊపుకుంటూ పైకప్పు దీపాలు లెక్కపెట్టేది. ఒకరోజు "ఇవాళ ముప్ఫై ఆరు దీపాలున్నాయమ్మా" అంది. అంతే అది ఆ రోజు నేర్చుకుంది. ఆ చలికాలం చివర్లో "నేనింక రాను" అని స్కేట్లు గరాజ్‌లో మూలపడేసింది.

ఇప్పటి కోచ్ అదే ఆట ఆడిస్తాడు, ఎవర్నీ కూర్చోబెట్టడు. బిళ్ళ పోయినవాడు తనూ సొరచేపై కూర్చుంటాడు, లేదా పోయినచోటే సముద్రపు నాచులా నిలబడి కర్ర చాపి అందినవాళ్ళ బిళ్ళ లాగుతాడు. ఇంకోసారి, పోయినవాడు గట్టుదాకా వెళ్ళి గోడని ముట్టుకుని, ఇంకో బిళ్ళ తెచ్చుకుని మళ్ళీ ఆటలో కలుస్తాడు. ఒక్క చిన్న మార్పు, చూశారా! స్కేట్లు గరాజ్‌లోంచి మళ్ళీ బయటికొచ్చాయి. నేను బతిమాలలేదు. పక్కింటి పిల్ల చెప్పిన కబుర్లు విని తనే వెతుక్కుంది.

మరి ఒక్కడే గట్టివాడుండి బిళ్ళంతా వాడి దగ్గరే వుంటే? ప్రతి జట్టులోనూ అలాంటి చిరంజీవి ఒకడుంటాడు. రెండో బిళ్ళ పడేస్తే సరి, ఒకేసారి రెండుచోట్ల వుండలేడు కదా. లేదా స్థలం ఇరుకు చేస్తారు, లేదా వాణ్ణి వాడికి సరిజోడైన వాళ్ళతోనే ఆడిస్తారు. వాడి కాళ్ళు కట్టేసి మిగతావాళ్ళని గెలిపించడం మాత్రం మంచిది కాదు. వాడూ నేర్చుకోవడానికే వచ్చాడు.

ఇక ఏర్పాటు. ఇది వినడానికి పెళ్ళివారి వడ్డనలా వుంటుంది. రింకు మీద రెండు నీలం గీతలుంటాయి, వాటితో మంచు మూడు భాగాలవుతుంది. ఒక్కో భాగాన్ని రెండు చేస్తే ఆరు చోట్లు. ఇరవైనాలుగుమంది పిల్లలుంటే చోటుకి నలుగురు, ప్రతిచోటా ఒక పెద్దమనిషి. ఒకచోట గూళ్ళాట, ఒకచోట ఇద్దరిద్దరి పోటీ, ఒకచోట గోల్ మీదికి కొట్టడం. ఎనిమిది నిమిషాలకోసారి ఈల, అందరూ పక్క చోటుకి. ఆరు ఎనిమిదులు నలభైఎనిమిది, గంట ఇట్టే అయిపోతుంది. ఇందులో గుట్టు ఏమిటంటే ఆటల పేర్లూ నియమాలూ అన్నీ బట్టలు మార్చుకునే గదిలోనే బల్ల మీద బొమ్మ గీసి చెప్పేయడం. మంచు మీద ఉపన్యాసం అర నిమిషం దాటకూడదు. మంచు గంటల లెక్కన అద్దెకి తీసుకునేది, మాటలకి గది వుంది. ఇంకోటి, పిల్లాడు మంచు మీద కాలు పెట్టగానే చేయడానికి ఏదో ఒకటి వుండాలి. అందరూ వచ్చేదాకా గోడకానుకుని నిలబడ్డారంటే ఆ రోజు ఊపు సగం పోయినట్టే.

ఇదంతా ఎవరో ఒక కోచ్‌కి పుట్టిన చాదస్తం అనుకునేరు. అమెరికాలో ఈ ఆట పెద్దలైన యు.ఎస్.ఏ. హాకీ వాళ్ళు 2009లో పిల్లల శిక్షణ పద్ధతి మొత్తం ఇలా మార్చుకున్నారు. కెనడాలో హాకీ కెనడా వాళ్ళు 2017–18 నుంచి ఐదారేళ్ళ పిల్లలకీ, 2019–20 నుంచి ఏడెనిమిదేళ్ళ వాళ్ళకీ మ్యాచ్‌లు కూడా చిన్న మంచు మీదే ఆడించాలని నియమం పెట్టారు. ఎంత గొడవ చేశారో తల్లిదండ్రులు! "మా వాడు పెద్ద రింకు మీద ఆడితేనే కదా పెద్ద ఆటగాడయ్యేది" అని. పెద్ద రింకు మీద ఏమవుతుందో తెలుసా? బాగా స్కేటింగ్ వచ్చిన ఒకడు బిళ్ళ తీసుకుని ఆ చివరికి పోతాడు, మిగతా తొమ్మిదిమంది వాడి వెనక బాతుపిల్లల్లా వెళ్తారు. వాళ్ళు అక్కడికి చేరేసరికి వాడు ఇటు వస్తూంటాడు. ఎనిమిదేళ్ళలోపు పిల్లల ఆటల్ని లెక్కగట్టి చూస్తే అడ్డంగా ఆడే చిన్న మంచు మీద గోల్ మీదికి కొట్టడం ఆరు రెట్లు, పాసులందుకోవడం ఐదు రెట్లు ఎక్కువని యు.ఎస్.ఏ. హాకీ వాళ్ళు చెప్పారు. పెద్దవాళ్ళకి బోధపడాలని వాళ్ళొక చిన్న సినిమా కూడా తీశారు. పిల్లలకి పెద్ద రింకు ఎంత పెద్దగా వుంటుందో, అదే లెక్కన పెంచిన మహా రింకు మీద పెద్దవాళ్ళని ఆడించారు. ఆయాసంతో ఒగురుస్తూ, గోల్ పోస్టుల దాకా వెళ్ళలేక వాళ్ళు పడ్డ అవస్థ చూస్తే మీకూ నవ్వొస్తుంది. మన పెళ్ళికూతురి పట్టుచీర మూడేళ్ళ పిల్లకి కట్టి పరిగెత్తమన్నట్టుంటుంది.

అసలు ఇది కొత్త విద్య కూడా కాదు. మాకు కారులో గంట దూరంలో బ్రాంట్‌ఫర్డ్ అనే ఊరుంది. అక్కడ వాల్టర్ గ్రెట్స్కీ అనే ఆయన ఇంటి పెరట్లో నీళ్ళు చల్లి గడ్డకట్టించి, కొడుక్కి మంచు నేల తయారుచేశాడు. బట్టలు తెల్లబరిచే మందు సీసాలు, ఖాళీ డబ్బాలు అక్కడక్కడ పెట్టి వాటి చుట్టూ తిప్పేవాడు, కర్రలు అడ్డం పెట్టి వాటి మీంచి దూకించేవాడు. ఆ కొడుకే వేన్ గ్రెట్స్కీ, ఈ ఆటలో అంతటివాడు పుట్టలేదంటారు. డబ్బాల చుట్టూ తిప్పడం కోన్‌ల చుట్టూ తిప్పడం ఒకటే కదా అంటారేమో. కాదు, ఆ పెరట్లో బారు లేదు! వంతు కోసం కాచుకోవడం లేదు. చీకటిపడేదాకా వాడిదే మంచు. ఇంకో మహానుభావుడు సిడ్నీ క్రాస్‌బీ. చిన్నప్పుడు ఇంటి కింది గదిలో బట్టలారబెట్టే డ్రయ్యర్ వైపు బిళ్ళలు కొట్టీ కొట్టీ దాన్ని సొట్టలు పోయేలా చేశాడు. ఆ డ్రయ్యర్‌ని హాలిఫాక్స్‌లో క్రీడల మ్యూజియంలో పెట్టారు. నన్నడిగితే డ్రయ్యర్ పక్కన ఆ తల్లి ఫోటో కూడా పెట్టాలి.

బారులు అసలే వద్దంటున్నానా? అననండి. కొన్ని ఒడుపులు చూపించి, పట్టుకుని, పదిసార్లు చేయించాల్సిందే. వలయం చుట్టూ ఒక కాలి మీంచి ఇంకో కాలు వేసుకుంటూ వెళ్ళడం వుంది, అది ఆటలో దానంతటది రాదు. కోచ్ రెండు నిమిషాలు చూపించి, నలుగురేసి చేయించి, వెంటనే ఆ అడుగు అవసరమయ్యే పరుగుపందెం పెట్టాలి. వయసు పెరిగేకొద్దీ ఈ పాలు కొంచెం పెరుగుతుంది. ఏడేళ్ళవాడికి మాత్రం చిటికెడు చాలు.

శిక్షగా పరిగెత్తించడం అని ఒకటుంది, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. మ్యాచ్ ఓడిపోయారనో, అల్లరి చేశారనో బిళ్ళలు తీసేసి, ఊపిరాడనంతసేపు మంచు మీద అటూ ఇటూ తిప్పుతారు కొందరు. మన స్కూళ్ళలో ఇంపోజిషన్ గుర్తుందా? వందసార్లు రాయమనేవాళ్ళు. దాంతో ఎవరికైనా దస్తూరి మీద ప్రేమ పుట్టిందా? ఏ స్కేటింగ్ ఇష్టమై పిల్లాడు ఈ ఆటకి వచ్చాడో దాన్నే శిక్ష చేస్తే ఇంక మిగిలేదేమిటి!

పోయిన చలికాలం మా కోచ్ తల్లిదండ్రులందరినీ ఒక మాటడిగాడు, "మీ దేశాల్లో చిన్నప్పుడు మీరాడిన ఆటలు చెప్పండి, మంచు మీద పెడదాం" అని. ఒక పంజాబీ తండ్రి కబడ్డీ అన్నాడు. ఒక ఫిలిప్పీన్స్ తల్లి ఏదో గీతలాట బొమ్మ గీసి చూపించింది, అచ్చం మన ఉప్పాటే. నేను నాలుగు స్తంభాలాట చెప్పాను. నాలుగు కోన్‌లు, ఐదుగురు పిల్లలు, మధ్యవాడు దొంగ. మిగతా నలుగురూ కళ్ళతో సైగ చేసుకుని చోట్లు మార్చుకుంటూంటే ఖాళీ అయిన స్తంభాన్ని దొంగ పట్టుకోవాలి. మొదటిసారి ఆడించినప్పుడు ఇద్దరు ఎదురెదురుగా వచ్చి ధభీమని పడ్డారు. హెల్మెట్లూ మెత్తలూ వుంటాయి కాబట్టి దెబ్బలు తగల్లేదు, నవ్వుకుంటూ లేచారు. కోచ్ వెంటనే కోన్‌లు ఇంకా దూరం జరిపి, ఎప్పుడూ కుడివైపునుంచే దాటుకోవాలని నియమం పెట్టాడు. తర్వాత వారం అందరికీ తలా ఒక బిళ్ళ ఇచ్చి, బిళ్ళతో సహా చోటు మారాలన్నాడు. అక్కడితో ఆట రుచి వచ్చింది! కళ్ళు స్నేహితురాలి మీద, కర్ర బిళ్ళ మీద, చెవి దొంగ మీద. ఇప్పుడు ఆ ఆటని వాళ్ళు "పిల్లర్స్" అంటున్నారు. ప్రతి ఆదివారం పిల్లలే అడిగి ఆడించుకుంటారు.

మన దేశంలోనూ ఈ ఆట వుందని మీలో కొందరికి తెలిసేవుంటుంది. లదాఖ్‌లో చెరువులు గడ్డకట్టే రెండు మూడు నెలలూ ఆడపిల్లలు దీని మీదే వుంటారు. మన మహిళల జట్టు 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్య పతకం తెచ్చుకుంది. ఏడాదిలో మంచు అంత కొద్ది రోజులే దొరికేవాళ్ళకి బారులో నిలబడి పోగొట్టుకోవడానికి నిమిషం కూడా వుండదు.

ఈసారి రింకుకి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. కోచ్‌ని చూడకండి, పిల్లాణ్ణి చూడండి. చేతి గడియారం పట్టుకుని పది నిమిషాలపాటు వాడు కదులుతున్నది ఎంతసేపు, నిలబడింది ఎంతసేపు లెక్కపెట్టండి. బిళ్ళ ఎన్నిసార్లు వాడి కర్రకి తగిలిందో చూడండి. అరుపులూ గందరగోళమూ చూసి కంగారుపడకండి, పిల్లలున్న ఇంట్లో నిశ్శబ్దంగా వుందంటే మనకి భయమేస్తుంది కదా! తిరిగి వచ్చేటప్పుడు కారులో "గెలిచావా, గోల్ కొట్టావా" అనవద్దు. "ఇవాళ ఏ ఆట ఆడారు, దొంగ ఎవరు?" అని అడగండి. ఇంటికొచ్చేదాకా వాడే చెప్తాడు. ఆ ఆటలో గెలవడానికి ఏం చేశాడో చెప్పగలిగితే ఆ రోజు పాఠం వంటబట్టినట్టే.

ఇంట్లో ఆడించాలనుకుంటే స్కేట్లూ మంచూ అక్కర్లేదు. పాత సాక్సు రెండు చుట్టి ఉండ చేసి, చిన్న ప్లాస్టిక్ కర్ర ఇచ్చి, భోజనాల బల్ల కాళ్ళే గోల్ పోస్టులనండి. అమ్మమ్మ గోలీ. కుర్చీలో కూర్చునే ఆపవచ్చు. గాజు సామాను మాత్రం ముందే పై అరలో పెట్టేసుకోండి. ప్రాక్టీసు వున్న రోజు వెళ్ళేముందు కడుపునిండా నూనె వస్తువులు పెట్టవద్దు, గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. తిరిగి వచ్చాక వేడివేడి చారన్నం. ఆ సామాను సంచీ వాసన గురించి మీరు అడగకముందే చెప్తున్నాను, వచ్చీ రాగానే సంచీ తెరిచి అన్నీ విడివిడిగా ఆరవేయండి, రాత్రంతా మూసి వుంచితే ఇల్లంతా ఎండుచేపల బజారే.